వేగం లేని బౌలర్‌కు కొత్త బంతి ఇవ్వవచ్చునా?

క్రికెట్‌లో కొత్త బంతి ఎవరి చేతికివ్వాలి అని అడిగితే మనలో చాలామంది “ఎవడు ఎక్కువ స్పీడు వేస్తాడో వాడికే” అని తడుముకోకుండా చెబుతారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. 2023 సెప్టెంబరులో కొలంబోలో జరిగిన ఆసియా కప్ ఫైనల్లో మన హైదరాబాద్ బౌలర్ మహమ్మద్ సిరాజ్ శ్రీలంకను కేవలం 21 పరుగులిచ్చి 6 వికెట్లతో కూల్చాడు. అందులో నాలుగు ఒకే ఓవర్లో పడ్డాయి. అది చూసిన కుర్రవాడు తానూ అలాగే ఉరికి వేయాలనుకోవడం సహజమే. కాని ఆ రోజు వికెట్లు తెచ్చినది వేగమొక్కటేనా? బంతి గాలిలో వంగిన సంగతి మరిచిపోరాదు.

అంత వేగం దేవుడు అందరికీ ఇవ్వడు. గంటకు 115 కిలోమీటర్ల వేగం దాటని వాడు తొలి ఓవర్ వేసి నెగ్గుకు రాగలడా? ఈ ప్రశ్నను ముందు సైన్సు దృష్టితోనూ, పిదప రికార్డుల దృష్టితోనూ పరిశీలిద్దాం.

కాలం లెక్క

పిచ్ పొడవు 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. బౌలర్ క్రీజ్ నుంచి బ్యాట్స్‌మన్ క్రీజ్ దాకా దూరం సుమారు 17.7 మీటర్లు. గాలి అడ్డును, నేలను తాకినప్పుడు తగ్గే వేగాన్ని లెక్కలోకి తీసుకోకుండా చూస్తే, గంటకు 140 కి.మీ. వేగంతో వచ్చే బంతి ఈ దూరాన్ని 0.45 సెకనులో దాటుతుంది. 115 కి.మీ. బంతికి 0.55 సెకను పడుతుంది. ఫాస్ట్ బౌలర్‌కు వున్న లాభమంతా ఈ పదవ వంతు సెకనులోనే వున్నది. అది చిన్న లాభం కాదు.

అయితే మనిషి కన్ను చూసి, మెదడు నిర్ణయించి, చేయి కదలడానికి రమారమి 0.2 సెకను కావాలి. ఆ వ్యవధిలో 115 కి.మీ. బంతి కూడా ఆరు మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. అంటే ఆఖరి ఆరు మీటర్లలో బంతి దారి మారితే, ఎంత గొప్ప బ్యాట్స్‌మన్ అయినా ఆడే షాటును మార్చుకోలేడు. మంచి లెంగ్త్‌లో పడిన బంతి బ్యాట్స్‌మన్‌కు నాలుగైదు మీటర్ల ముందు నేలను తాకుతుంది. అక్కడ కుట్టు మీద పడి రెండంగుళాలు పక్కకు జరిగితే చాలు, బ్యాట్ మధ్యభాగం తప్పి అంచు తగులుతుంది. కాబట్టి తక్కువ వేగం వాడికి తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. కొంత ఇరుకైనది, అంతే.

గాలి చేసే పని

కొత్త బంతి ఎందుకు వంగుతుంది? బంతి కుట్టును స్లిప్ వైపు కొంచెం వాల్చి వదిలితే, ఆ వైపు బంతిని అంటిపెట్టుకుని పోయే పలుచని గాలి పొర కుట్టును తాకి కల్లోలమవుతుంది. కల్లోలమైన పొర బంతి ఉపరితలాన్ని ఎక్కువ దూరం అంటి వుండి, ఆలస్యంగా విడిపోతుంది. నున్నటి రెండో వైపు గాలి పొర ప్రశాంతంగా సాగి ముందే విడిపోతుంది. రెండు వైపులా పీడనంలో తేడా వచ్చి, బంతి కుట్టు చూపించిన దిక్కుకు తోయబడుతుంది. దీనినే స్వింగ్ అంటున్నాము.

ఇక్కడ మన ఫిజిక్సు పాఠం చక్కగా ఉపయోగపడుతుంది. పక్కకు తోసే బలం వేగం యొక్క వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాని వేగం పెరిగిన కొద్దీ బంతి గాలిలో వుండే కాలం తగ్గుతుంది. పక్కకు జరిగే దూరం కాలం యొక్క వర్గాన్ని బట్టి వుంటుంది గనుక, ఒకటి పెంచినది రెండోది తగ్గించివేస్తుంది. ఫలితంగా 105 వేసేవాడికీ 115 వేసేవాడికీ వంపు ఇంచుమించు సమానమే. వేగం మరీ పెరిగితే నున్నటి వైపు గాలి పొర కూడా కల్లోలమై, రెండు వైపుల మధ్య తేడా పోతుంది, వంపు తగ్గిపోతుంది. మామూలు స్వింగ్ గంటకు 110, 115 కి.మీ. ప్రాంతంలోనే బాగా పనిచేస్తుందని ప్రయోగశాలల్లో చేసిన పరీక్షలు తేల్చాయి. ఆ వేగం మన కాలేజీ కుర్రవాళ్లలో కొందరికైనా అందేదే.

ఇంకొక విశేషం. ప్రయాణ కాలంలో మొదటి సగంలో బంతి తన మొత్తం వంపులో నాలుగో వంతు మాత్రమే వంగుతుంది. మిగిలిన మూడు వంతులూ రెండో సగంలోనే. “చివర్లో తిరిగింది” అని బ్యాట్స్‌మన్ వాపోవడం ఇందుకే.

ఆబిద్ అలీ సాక్ష్యం

సిద్ధాంతం సరే, మైదానంలో జరిగిందా? జరిగింది. అదీ మన హైదరాబాద్ వాడి చేతనే. 1941లో హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ ఆబిద్ అలీ మీడియం పేస్ బౌలర్. 1967 డిసెంబరులో అడిలైడ్‌లో ఆస్ట్రేలియా మీద తన మొదటి టెస్టులోనే 55 పరుగులకు 6 వికెట్లు తీశాడు. 1971లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో రెండో టెస్టు మొట్టమొదటి బంతికే రాయ్ ఫ్రెడరిక్స్‌ను బౌల్డ్ చేశాడు. వెస్టిండీస్ మీద భారత్ గెలిచిన తొలి టెస్టు అదే. అదే సంవత్సరం మాంచెస్టర్‌లో ఇంగ్లండ్ 41 పరుగులకు 4 వికెట్లు పోగొట్టుకోగా, ఆ నాలుగూ ఆబిద్ అలీ ఖాతాలోనివే.

నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. 29 టెస్టుల్లో ఆయన వికెట్లు 47, ఒక్కో వికెట్‌కు ఇచ్చిన పరుగులు 42 పైచిలుకు. గొప్ప సగటు కాదు. కాని ఆనాటి జట్టులో వెనుక బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకట్రాఘవన్ వంటి స్పిన్నర్లు కాచుకుని వుండేవారు. కొన్ని ఓవర్లలో కొత్త బంతి మెరుపు తీసి వాళ్లకు అప్పగించడం ఆయన పనిలో భాగం. ఆ పని లెక్కల పట్టీలో కనిపించదు. 2025 మార్చి 12న ఆయన కాలిఫోర్నియాలో కన్నుమూశారు.

తర్వాతి తరంలో ఈ విద్యకు ఇంతకన్నా మంచి సగటు వచ్చింది. దక్షిణాఫ్రికా బౌలర్ వెర్నన్ ఫిలాండర్‌ది భయపెట్టే వేగం కాదు. 64 టెస్టుల్లో 22 చిల్లర సగటుతో 224 వికెట్లు తీశాడు. ఉప్పల్ స్టేడియాన్ని సొంతగడ్డగా చేసుకున్న సన్‌రైజర్స్ జట్టుకు భువనేశ్వర్ కుమార్ 2016లో 23, 2017లో 26 వికెట్లు తీసి రెండేళ్లూ ఐ.పి.ఎల్.లో అగ్రస్థానంలో నిలిచాడు. ఆయన ఆయుధమూ స్వింగే.

బేస్‌బాల్‌లో ఇదే వాదం

అమెరికాలో బేస్‌బాల్ ఆటను ప్రారంభించే పిచ్చర్ విషయంలోనూ ఇదే తర్కం నడుస్తుంది. అక్కడ బంతి నేలను తాకదు. 18.44 మీటర్ల దూరం గాలిలోనే పోవాలి. పైగా ఆ పిచ్చర్ అవే ముఖాలను ఒకే ఆటలో రెండు మూడు సార్లు ఎదుర్కోవాలి. గ్రెగ్ మాడక్స్ అనే పిచ్చర్ కంటే వేగంగా విసిరేవారు ఆయన కాలంలో ఎందరో వున్నారు. అయినా 1992 నుంచి 1995 వరకు వరుసగా నాలుగేళ్లు ఉత్తమ పిచ్చర్ బహుమతి ఆయనదే. మొత్తం 355 ఆటలు గెలిచాడు. 1997 జులైలో ఒక పూర్తి ఆటను చాలా తక్కువ బంతులతో ముగించాడు. అనుకున్న చోట వేయడం, ఒకే చేయి తీరుతో వేర్వేరు బంతులు విడవడం, ఈ రెండే ఆయన పెట్టుబడి.

షరతులు

కనుక మన ప్రశ్నకు జవాబు “ఇవ్వవచ్చు” అనే. కాని షరతులున్నాయి.

ఒకటి, గురి. 140 వేసేవాడు ఓవర్‌కు ఒక చెడ్డ బంతి వేసినా వేగం వాణ్ణి కాపాడవచ్చు. 115 వాడికి ఆ దయ లేదు. లెంగ్త్ తప్పితే ఫోరే.

రెండు, కుట్టు నిటారుగా నిలబడి పోవాలి. మణికట్టు వంకర పోతే పైన చెప్పిన సైన్సంతా వృథా.

మూడు, గాలి వాలు తెలియాలి. కల్లంలో ధాన్యం తూర్పారబట్టే రైతు గాలితో పోట్లాడడు. గాలి ఎటు నుంచి వస్తున్నదో చూసి చేట పడతాడు. స్వింగ్ బౌలర్ కూడా ఏ ఎండ్ నుంచి వేయాలో అలాగే ఎంచుకోవాలి.

నాలుగు, తోడు. కీపర్ వికెట్లకు దగ్గరగా నిలబడగలిగితే బ్యాట్స్‌మన్ ముందుకురికి లెంగ్త్ చెడగొట్టలేడు. బంతి పాతబడి స్వింగ్ ఆగినప్పుడు అందుకునే స్పిన్నర్ కూడా జట్టులో వుండాలి.

మన మైదానాల సంగతి

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం ప్రాంతాల్లో షిఫ్టు దిగి వచ్చిన కార్మికులు, కాలేజీ విడిచి వచ్చిన విద్యార్థులు సాయంత్రం ఖాళీ జాగాల్లో ఆడేది ఎక్కువగా టెన్నిస్ బంతితోనే. తోలు బంతి ఖరీదు, దానికి కావలసిన ప్యాడ్లు, గ్లవ్స్ ఖరీదు అందరూ భరించలేరు. టెన్నిస్ బంతికి పైకి లేచిన కుట్టు లేదు. కనుక పైన వివరించిన విద్య ఆ ఆటలో చాలావరకు బయటపడదు, బలంగా విసిరేవాడే మొనగాడుగా కనిపిస్తాడు. ఆ కొలతే తెచ్చి జట్టు ఎంపికలో పెడితే, మంచి మణికట్టు వున్న పిల్లవాడు మొదటి రోజే ఇంటిదారి పట్టవలసి వస్తుంది. వాడిలో ఏముందో వాడికే తెలియకుండా పోతుంది. ఖర్చు పెట్టుకోలేని ఇళ్ల నుంచి వచ్చినవాళ్లకే ఈ నష్టం ఎక్కువ.

అందుచేత విద్యార్థి సంఘానికి, క్రీడా విభాగానికి నాదొక సూచన. ఎంపిక నాడు ప్రతి బౌలర్ చేతికీ తోలు బంతి ఇవ్వండి. పిచ్ మీద మంచి లెంగ్త్‌లో ఒక వార్తాపత్రిక పరిచినంత మేర సున్నంతో గీత గీయండి. ఆరు ఓవర్లు, అంటే 36 బంతులు వేయించి, ఎన్ని ఆ గీతలో పడ్డాయో, ఎన్ని కుట్టు మీద పడ్డాయో రాసుకోండి. స్పీడు సంగతి ఆ తర్వాత చూడవచ్చు. ఈ పరీక్షకు కావలసినవి నాలుగు బంతులు, పిడికెడు సున్నం, ఒక మధ్యాహ్నం. వచ్చే ఏడాది జట్టు ఎంపికలోనే దీన్ని మొదలుపెట్టవలసిందిగా మనవి.