పరిశుద్ధ గ్రంథము మన చేతికి వచ్చిన త్రోవ

ధ్యాన భాగములు: యిర్మీయా 36, లూకా 1:1-4

కళాశాలలో చదువుకొనుచున్న మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి ఒక ప్రశ్న అడుగుచున్నారు. "బైబిలులో ఏ పుస్తకములుండవలెనో మనుష్యులే గదా నిర్ణయించిరి? అట్లయిన అది దేవుని వాక్యమెట్లగును?" ఇది విని కొందరు పెద్దలు కోపపడుచున్నారు. కోపమెందుకు? అడిగినవానికి ఉత్తరమియ్యవలెను.

బైబిలు అట్ట కట్టబడి ఆకాశమునుండి దిగిరాలేదు. పిల్లలకు ఆలాగు చెప్పుట మంచిది కాదు. మొదటినుండి అన్నిటిని విచారించి వ్రాయుచున్నానని లూకాయే చెప్పెను. కొలొస్సయివారు తమకు వచ్చిన పత్రికను చదివి లవొదికయ సంఘమునకు అందింపవలసియుండెను (కొలొస్స. 4:16). ఈలాగు నకళ్లు ఊరినుండి ఊరికి పోయెను. అపొస్తలుల సాక్ష్యము గలవియు, సంఘములన్నిటిలో ఆరాధనయందు చదువబడినవియు నిలిచెను. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక, 2 పేతురు, ప్రకటన మొదలగువాటినిగూర్చి కొన్ని సంఘములు చాలకాలము సందేహించెను. ఆ సంగతి దాచనేల? క్రీ.శ. 367లో అలెగ్జాండ్రియా బిషప్పు అతనాసియు తన పండుగ పత్రికలో మనము చదువు 27 పుస్తకములనే పేర్కొనెను. కంసాలి గీటురాతిమీద గీచి ఇది బంగారమని చెప్పును గాని, బంగారమును అతడు చేయలేదు గదా!

పాత నిబంధన మాటయో? 1947 మొదలుకొని మృత సముద్రము దగ్గర కుమ్రాను గుహలలో దొరకిన చుట్టలలో యెషయా గ్రంథమున్నది. అంతకుముందు తెలిసిన హెబ్రీ ప్రతులకంటె అది సుమారు వెయ్యి సంవత్సరములు పాతది. అక్కడక్కడ మాటల భేదములున్నను, మనము చదువు యెషయాయే అది.

ఇక మన తెలుగు గ్రంథము సంగతి. మద్రాసులో పనిచేసిన హాలే మిషనరీ బెంజమిన్ షుల్జ్ 1732 నాటికి తెలుగు అనువాదము చేసి పంపెను గాని, ఆ వ్రాతప్రతి అచ్చుకు నోచుకొనలేదు. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను లండన్ మిషను దొరలు విశాఖపట్టణము చేరిరి. బ్రాహ్మణ కులమునుండి క్రీస్తునొద్దకు వచ్చిన ఆనందరాయర్ వారికి తోడ్పడెను. ఆయన పేరు మన సంఘములలో ఎందరికి తెలియును? క్రాన్ 1809లో, డెస్‌గ్రాంజెస్ 1810లో మరణించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురములో అచ్చయినవి. వారిద్దరు ఆ పుస్తకమును కన్నులార చూడలేదు.

అదే సంవత్సరము మార్చి 11న శ్రీరామపురపు అచ్చుకూటము కాలిపోయెను. అనేక భాషల అక్షరములు, కేరీగారి వ్రాతప్రతులు మంటలపాలాయెను. అయితే అక్షరములు పోయు అచ్చులు మిగిలెను. కరిగిన సీసమును ఏరి, మరల అక్షరములు పోసి పని మొదలుపెట్టిరి. యెహోయాకీము రాజు చుట్టను చాకుతో కోసి అగ్నిలో వేసినపుడు బారూకు చేసినదియు ఇదే. యిర్మీయా చెప్పగా మరియొక చుట్టలో మరల వ్రాసెను, ఇంకను అనేక మాటలు చేర్చెను.

1818లో క్రొత్త నిబంధన, 1854లో సంపూర్ణ బైబిలు తెలుగులో వచ్చెను. కాబట్టి 1879లో హనుమకొండలో బాప్టిస్టు మిషను పని ఆరంభమైనప్పుడు మన జిల్లాకు గ్రంథము సిద్ధముగానే యుండెను. చదువ నేర్చినవారు మాత్రము కొద్దిమంది. ఒకరు చదువగా తక్కినవారు విని కంఠస్థము చేసిరి. అట్టి వృద్ధులు కొన్ని గ్రామములలో ఇంకను ఉన్నారు. ఈ నెల కుటుంబ ప్రార్థనలలో వారిచేత ఒక కీర్తన చెప్పించుడి. పిల్లలు గ్రంథము తెరచి మాట మాట సరిచూడవలెను.