రెజిన్ యుద్ధనౌకల నిర్మాణం: ఆలస్యంగా తెలిసే ఫలితాలకు అలవాటుపడడం

చేసిన పనికీ దాని ఫలితానికీ మధ్య వారాల ఎడం ఉన్నప్పుడు, ఆ ఎడాన్ని ముందే లెక్కలోకి తీసుకొని మొదటి రోజు పనిని శ్రద్ధగా చేయడం మనిషికి చాలా కష్టంగా అలవడే గుణాలలో ఒకటి. ఉపన్యాసాల వల్ల ఈ గుణం రావడం అరుదు. చేతులకు పని చెప్పి దీన్ని నేర్పే అభిరుచులలో చారిత్రక యుద్ధనౌకల రెజిన్ నమూనాలను కూర్చడం ప్రత్యేకంగా పరిశీలించదగినది. నిపుణుడు చెక్కిన మూలరూపం చుట్టూ సిలికాన్ రబ్బరుతో అచ్చు తీసి, అందులో పాలీయురెథేన్ ద్రవాన్ని పోసి గట్టిపరిచిన భాగాలనే రెజిన్ కిట్ అంటారు. ఉక్కు అచ్చులలో వేలకొద్దీ తయారయ్యే ప్లాస్టిక్ కిట్లతో పోలిస్తే రబ్బరు అచ్చు కొన్ని పదుల పోతలకే అరిగిపోతుంది కనుక, కొనేవారు తక్కువగా ఉండే ఓడలు తరచుగా ఈ పద్ధతిలోనే వెలువడతాయి. పోత పోసిన చోట మిగిలిన దిమ్మెలు, అంచుల వెంట పలుచని పొరలు, గాలిబుడగలు వదిలిన గుంటలు వాటిమీద అలాగే ఉంటాయి. వాటిని సరిచేసుకునే బాధ్యత కొన్నవారిదే.

అచ్చు నుంచి భాగం సులువుగా ఊడిరావడానికి పూసే జారుడు పదార్థం రెజిన్ మీద కంటికి కనబడకుండా మిగిలిపోతుంది. గోరువెచ్చని సబ్బునీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో ప్రతి మూలా తోమి ఆరబెట్టడం ఎవరి మెప్పూ పొందని పని, మానేసినా ఆ రోజుకు వచ్చే నష్టమేమీ కనబడదు. ఓడ దేహం కుదురుతుంది, రంగు నున్నగా పడుతుంది. ఎన్నో రోజుల తరువాత, నీటిగీత దగ్గర రెండో రంగు వేయడం కోసం అంటించిన మాస్కింగ్ టేపును తీసినప్పుడు మాత్రం కింది రంగు కూడా పొరలుగా లేచివస్తుంది. అప్పటికి రెయిలింగులూ నిచ్చెనలూ అమరిపోయి ఉంటాయి కనుక, మళ్ళీ తోమడానికి వీలుండదు. ఇలాంటి సమయంలో టేపునో రంగునో తప్పుపట్టడం సహజమే అయినా, కారణాన్ని వెనక్కి వెదుక్కుంటూ మొదటి సాయంత్రం దాకా వెళ్ళగలిగిన వ్యక్తి ఆ తరువాతి ఓడతో పాటు ఇతర పనులను కూడా మరో విధంగా మొదలుపెడతాడు.

జిగురు విషయంలోనూ ముందుచూపే కావాలి. ప్లాస్టిక్‌ను కరిగించి అతికే జిగురు రెజిన్‌పై పనిచేయదు; సాధారణంగా క్షణాల్లో పట్టేసే సైనోఎక్రిలేట్ వాడతారు కనుక, ప్రతి భాగాన్నీ ముందు జిగురు లేకుండా ఆనించి చూసుకోవాలి. సరిగా ఆనని అంచులను రుద్దవలసి వస్తే, రెజిన్ ధూళి ఊపిరితిత్తులకు హానికరం కాబట్టి, గరుకు కాగితాన్ని నీటితో తడిపి, మాస్కు ధరించి రుద్దడం తప్పనిసరి.

నిర్ణయశక్తికి అసలు పరీక్ష చరిత్ర దగ్గర ఎదురవుతుంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి, కోస్తా తెలుగు జిల్లాలు కూడా భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీ రాజధానిపై గుళ్ళు కురిపించి, రేవు దగ్గరి చమురు ట్యాంకులను తగలబెట్టిన జర్మన్ క్రూయిజర్ ఎమ్డెన్ ఇందుకు చక్కని ఉదాహరణ. 1908లో జలప్రవేశం చేసిన ఈ 118 మీటర్ల నౌక, అసలులో 350వ వంతు కొలతకు తగ్గితే, దాదాపు 34 సెంటీమీటర్లు ఉంటుంది, దాని 10.5 సెంటీమీటర్ల ఫిరంగి నోరు 0.3 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. శాంతికాలంలో తెల్లని దేహంతో ఉన్న ఎమ్డెన్ యుద్ధంలో బూడిదరంగు దాల్చింది. అక్టోబరు 28న పెనాంగ్ రేవులోకి చొరబడినప్పుడు, బ్రిటిష్ నౌకగా భ్రమింపజేయడానికి, తనకున్న మూడు పొగగొట్టాలకు తోడు ఉత్తుత్తి నాలుగోదాన్ని నిలబెట్టుకుంది. కొకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా నౌక సిడ్నీతో నవంబరు 9న జరిగిన చివరి పోరులో, తీరానికి పంపిన దళంతో పాటు, ఆ దళం ఎక్కి వెళ్ళిన పడవలు కూడా ఓడపై లేవు.

అందువల్ల ఎమ్డెన్‌ను చేయాలనుకోవడం చాలదు, ఏ రోజు నాటి ఎమ్డెన్‌ను చేయాలో మొదటి రంగు కలపకముందే తేల్చుకోవాలి. తేల్చుకున్నాక, తక్కిన రోజుల అందాలన్నిటినీ వదులుకోవాలి. తెలుపును, నాలుగో గొట్టాన్ని ఒకే ఓడపై చేర్చితే చూడడానికి బాగుండవచ్చు, కానీ అలాంటి ఓడ ఏనాడూ సముద్రం మీద తిరగలేదు. నవంబరు 9ని ఎంచుకున్నవారు, కిట్‌లో చక్కగా పోతపోసి ఇచ్చిన పడవల్లో కొన్నింటిని దిమ్మె కూడా కోయకుండా పెట్టెలోనే ఉంచి, అవి వేలాడవలసిన కొక్కేలను ఖాళీగా అమర్చవలసి ఉంటుంది.