ఊరి సరుకు – అంగడి ధర్మము

వర్తకునకు తన ఊరు ఏది? పుట్టిన ఊరా, అంగడి పెట్టిన ఊరా? మనలో కొన్ని కుటుంబములు తరతరములుగా ఈ దక్షిణదేశమునందే ఉన్నవి. మరికొన్ని కుటుంబముల పెద్దలు రాజస్థానము నుండియు, గుజరాతు నుండియు వచ్చి ఇచ్చట స్థిరపడిరి. ఎవరు ఎచ్చటినుండి వచ్చినను అందరమును ఏదో ఒక ఊరి ఆదరణమువలననే బ్రతుకుచున్నాము. ఆ ఊరి ఋణమును వర్తకుడు ఏ విధముగా తీర్చవలెనో ఈ వ్యాసమున విచారింతము.

సత్రము కట్టించుట, అన్నదానము చేయుట, పేద విద్యార్థులకు వేతనములిచ్చుట మన పెద్దలు చూపిన మార్గములు. అవి ఎన్నటికిని మంచివే. అయితే దానము సంవత్సరమునకు కొన్ని దినములు జరుగును. బేరము ప్రతి దినమును జరుగును. కనుక ఊరికి మేలు చేయు శక్తి హుండీలో కంటె తక్కెడలో ఎక్కువగా నున్నది. మనము ఏ సరుకు తెప్పించుచున్నాము, ఎవరియొద్ద కొనుచున్నాము, ఎట్లు తూచి అమ్ముచున్నాము అను మూడు విషయములను బట్టి ఊరి బాగోగులు చాలవరకు ఏర్పడును.

బొమ్మిడి పొలములో పండినది

ఉదాహరణమునకు బొమ్మిడిని తీసికొందము. ధర్మపురి జిల్లా పాప్పిరెడ్డిపట్టి తాలూకాలోని ఈ ఊరు జోలార్‌పేట – సేలం రైలు మార్గముపై, శేర్వరాయన్ కొండలకు చేరువగా నున్నది. 1965లో ధర్మపురి ప్రత్యేక జిల్లాగా ఏర్పడువరకు ఇదియు సేలం జిల్లాలోని ఊరే. ఈ ప్రాంతపు రైతులు పండించు పంటలలో కర్రపెండలము ఒకటి. తమిళులు దీనిని మరవళ్ళి కిళంగు అందురు. ఈ దుంప మిల్లులకు చేరి స్టార్చి పిండిగను, సగ్గుబియ్యముగను మారుచున్నది. నేడు సేలం సగ్గుబియ్యము దేశమంతట తెలిసిన సరుకు. ఇది ఎనుబది యేండ్లలో ఎట్లు సాధ్యమైనదో తెలిసికొనుట వర్తకులకు మంచి పాఠము.

మొదట సగ్గుబియ్యము మన దేశపు సరుకు కాదు. మలయా, ఇండోనేషియా దీవులలో పెరుగు ఒక తాటిజాతి చెట్టు బోదెనుండి తీసిన పిండితో దానిని చేసెడివారు. సగ్గు అను మాటయే మలయా భాషనుండి వచ్చినది. కర్రపెండలమును ఈ దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికానుండి పోర్చుగీసువారి ద్వారా ఈ తీరమునకు చేరినది. 19వ శతాబ్దిలో తిరువాంకూరు రాజు విశాఖం తిరునాళ్ దాని సాగును ప్రోత్సహించెను.

రెండవ ప్రపంచయుద్ధములో 1942 ఫిబ్రవరి నాటికి జపాను సేనలు మలయాను, సింగపూరును ఆక్రమించినవి. అచ్చటినుండి సరుకు వచ్చుట ఆగిపోయినది. అట్టి సమయమున, 1943లో, సేలం వర్తకుడు మాణిక్కం చెట్టియారును, పెనాంగు నుండి వచ్చిన పోపట్‌లాల్ షాయును కలిసి కర్రపెండలపు దుంపనుండి స్టార్చిని, సగ్గుబియ్యమును కుటీర పరిశ్రమగా తయారుచేయుటకు పూనుకొనిరి. పోపట్‌లాల్ షాకు మలయా పద్ధతి తెలియును. చెట్టియారునకు ఇచ్చటి బజారు తెలియును. ఒకరి విద్య, ఒకరి పరిచయము కలిసి పరిశ్రమ అయినది.

పని తీరు చూచుటకు సులభముగా నుండును. దుంపలను కడిగి, తొక్క తీసి, నీటితో రుబ్బి, ఆ పాలను వడగట్టి తొట్లలో తేర్చుదురు. అడుగున పేరిన పిండిని కొంత ఆరనిచ్చి, కుదుపుచు గుండ్రని పూసలుగా చేసి, జల్లించి, పెనముపై వేయించి, కళ్ళములో ఎండబెట్టుదురు. మిగిలిన పిప్పి పశువుల దాణాకు పనికివచ్చును. స్టార్చి పిండి వంటకే కాక నూలుమిల్లులలోను, మగ్గములవద్దను పడుగునకు గంజి పెట్టుటకు ఉపయోగపడును. ఇట్లు ఒక దుంపపై రైతు, కూలి, బండివాడు, మిల్లువాడు, నేతవాడు, వర్తకుడు అందరును ఆధారపడియున్నారు.

ఆరంభములోనే కష్టము వచ్చినది. 1944 కరవు కాలమున దుంపను ఆహారముగానే వాడవలెననియు, జిల్లా దాటించరాదనియు సేలం కలెక్టరు ఉత్తర్వు చేసెను. తయారీదారులు విడివిడిగా మొర పెట్టుకొనక సంఘముగా కూడి పైయధికారులకు విన్నవించి ఆ ఉత్తర్వును రద్దు చేయించుకొనిరి. యుద్ధానంతరము విదేశపు సరుకు మరల దిగినప్పుడును వారు కలిసియే ప్రభుత్వమును ఆశ్రయించిరి. తరువాత 1981లో సేలం స్టార్చి, సగ్గుబియ్యపు తయారీదారుల సహకార సంఘము ఏర్పడి 1982లో పని ప్రారంభించినది. సేగోసర్వ్ అని అందరును పిలుచునది ఇదియే. సభ్యుల సరుకును గిడ్డంగులలో నిలువచేసి, పరీక్షించి, వేలములో అమ్మించుట దీని పని. 2023లో సేలం జవ్వరిసికి భౌగోళిక గుర్తింపు లభించినది. తెలుగుదేశమునను సామర్లకోట, పెద్దాపురము ప్రాంతములలో ఈ పరిశ్రమ వెలసినది.

పరాయిది మనదగుట

ఈ కథలో గమనింపదగినది ఒకటి కలదు. మొక్క అమెరికాది. పద్ధతి మలయాది. తెచ్చిన వారిలో ఒకరు సముద్రము దాటి వచ్చినవారు. అయినను నేడు ఆ సరుకు సేలం పేరనే చెలామణి అగుచున్నది. కనుక స్థానికత పుట్టుకవలన మాత్రమే వచ్చునది కాదు. ఇచ్చటి పొలములో పండి, ఇచ్చటి చేతులు పనిచేసి, ఇచ్చటనే కూలి నిలిచి, ఇచ్చటివారు దాని మంచిచెడ్డలకు పూచీపడినప్పుడు ఏ సరుకైనను ఊరిదగును. వర్తకుని విషయమును ఇంతే.

ఇట్టిదే మరియొక దృష్టాంతము విశాఖపట్టణమున కలదు. షోలాపురమున పుట్టిన జైన వర్తకుడు వాల్‌చంద్ హీరాచంద్ 1919లో సింధియా ఓడల కంపెనీని స్థాపించిన వారిలో ముఖ్యుడు. ఆ కంపెనీ విశాఖలో ఓడల నిర్మాణశాలకు 1941లో శంకుస్థాపన చేయించినది. అచ్చట కట్టిన జల ఉష అను ఓడను 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూ జలప్రవేశము చేయించెను. తరువాత అది హిందుస్థాన్ షిప్‌యార్డు అయినది. షోలాపురపు వర్తకుని సాహసము తెలుగు కార్మికుల జీవనాధారమైనది. ఆయన ఎచ్చటివాడను ప్రశ్న విశాఖలో ఎవరికి కావలెను?

ధర యను పరీక్ష

అయితే ఊరి సరుకును ఆదరింపవలెనని సభలో చెప్పుట సులభము. గల్లావద్ద పాటించుట కష్టము. దూరపు పెద్ద కంపెనీ సరుకు రంగుల పొట్లములో, ప్రకటనలతో, తగ్గింపు ధరతో వచ్చును. మన కుమారులు ఆ ఏజెన్సీ తీసికొందమందురు. వారిది తప్పుకాదు. లెక్క చూచియే మాటాడవలెను.

ధర యొక్క బలమెట్టిదో తూత్తుకుడి చరిత్ర చెప్పును. 1906లో వి. ఓ. చిదంబరం పిళ్ళె స్వదేశీ ఓడల కంపెనీని స్థాపించి కొలంబోకు ఓడలు నడిపెను. ఆంగ్లేయ కంపెనీ రేటు తగ్గించుచు పోయి, తుదకు ఉచితముగా ఎక్కించుకొని గొడుగులు కూడ పంచినదని చెప్పుదురు. 1908లో పిళ్ళెను ప్రభుత్వము చెరపెట్టినది. 1911 నాటికి స్వదేశీ కంపెనీ మూతపడినది. పోటీ పోయిన తరువాత ఉచితపు ప్రయాణము ఎచ్చట నిలుచును? నేటి తగ్గింపు రేపటి ధరకు హామీ కాదు.

దీనికి రెండవ ప్రక్కయు కలదు. స్వదేశీ పేరుతో ఎక్కువ ధర పెట్టి కొనుమని పేదవారిని నిర్బంధించుటలోని అన్యాయమును రవీంద్రనాథ టాగోరు 1916లో వెలువడిన ఘరే బైరే నవలలో చూపెను. కొనువాని సంచి కొనువానిది. ఊరి పేరు చెప్పి నాసిసరుకు అంటగట్టుట ఊరికి ద్రోహమే.

కనుక ఒక చిన్న లెక్క వేసి చూతము. ఇవి ఊహించిన అంకెలు మాత్రమే. దూరపు సరుకు నూరు రూపాయలకు అమ్మినచో అంగడి లాభము, హమాలీ కలిపి ఊరిలో ఇరువది నిలుచుననుకొందము. ఊరి సరుకైనచో రైతుకు, కూలికి, మిల్లుకు పోయినదికూడ కలిసి అరువది నిలుచుననుకొందము. ఆ నిలిచిన సొమ్ము మరల అదే తీరున చేతులు మారును. మూడు విడతలలో మొదటి పద్ధతిన 100, 20, 4 కలిసి 124 రూపాయల బేరము జరుగును. రెండవ పద్ధతిన 100, 60, 36 కలిసి 196 రూపాయల బేరము జరుగును. ఆ హెచ్చిన బేరము ఎవరి అంగడికి వచ్చును? మన అంగడికే. రైతు చేతిలో సొమ్ము లేని యేడు బట్టల కొట్టు, పాత్రల కొట్టు, నగల కొట్టు అన్నియు వెలవెలబోవుట మనకు తెలియనిది కాదు.

వ్రతములలోని సూచన

తత్త్వార్థసూత్రము 7వ అధ్యాయమున శ్రావకులకు చెప్పబడిన వ్రతములలో దేశవ్రతము ఒకటి. ఇంత కాలము ఇంత ప్రదేశము దాటను అని హద్దు ఏర్పరచుకొనుటయే అది. హద్దు వెలుపలినుండి వస్తువును తెప్పించుకొనుట దానికి అతిచారము. దానికి ఆనయనము అని పేరు. ఈ వ్రతము ఆశను, హింసను తగ్గించుటకు చెప్పబడినది గాని వ్యాపారసూత్రముగా కాదు. అయినను చేరువలో దొరకుదానితో తృప్తిపడుట ఒక సాధనమను భావము అందు స్పష్టముగా నున్నది.

అదే అధ్యాయమున అచౌర్యవ్రతమునకు అతిచారములు చెప్పునపుడు తూనికలు, కొలతలు హెచ్చుతగ్గులు చేయుటను, మంచిదని చూపి నకిలీని ఇచ్చుటను చేర్చిరి. సగ్గుబియ్యపు పరిశ్రమకు గట్టి దెబ్బ తగిలినది ఇచ్చటనే. మిక్కిలి తెల్లగా కనబడుటకు రసాయనములు వాడుటయు, మొక్కజొన్న పిండి కలుపుటయు కొన్నిచోట్ల జరిగి, ఆహార భద్రతాధికారులు తనిఖీలు చేయవలసివచ్చినది. కల్తీ చేసినవాడు కొద్దిమందియే. ధర పడి నష్టపోయినది దుంప వేసిన రైతులందరును. దూరపు కంపెనీ చేయలేని హానిని లోపలి కల్తీ చేయగలదు. తెలుపు తగ్గినను కల్తీలేని సరుకునే అడిగి కొను వర్తకుడు పదిమంది రైతులను కాపాడినవాడగును.

నీటి విషయమును మరువరాదు. దుంపను రుబ్బిన నీరు శుద్ధిచేయక చెరువులోనికి వదిలినచో జలచరములు చచ్చును, బావులు చెడును. పలు మిల్లులు ఆ నీటినుండి గోబరుగ్యాసు వంటి వాయువును తీసి ఇంధనముగా వాడుకొనుచున్నవి. అట్టి మిల్లు సరుకునకు ప్రాధాన్యమిచ్చుట అహింసను బజారులో పాటించుటయే.

కందమూలములను విడిచిన ఇండ్లు మనలో అనేకములు. ఆ నియమమును మార్చుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. దుంపసరుకు వాడకమును, వర్తకమును గూర్చి ఎవరికివారు గురువుల నడిగి నిశ్చయించుకొనవలెను. ఈ పరిశ్రమ నేర్పిన పాఠము మాత్రము ధర్మపురి ప్రాంతపు చింతపండునకు, రాగులకు, సామలకు, మామిడికి కూడ వర్తించును.

ఆవర్జాలో ఒక గడి

ఇక ఆచరణము. దీపావళినాడు క్రొత్త పుస్తకములకు పూజ చేయునపుడు ఆవర్జాలో ఒక గడిని అదనముగా గీయుడు. ప్రతి సరుకు ఎదుట అది ఎచ్చటినుండి వచ్చినదో వ్రాయుడు: తాలూకా, జిల్లా, రాష్ట్రము, దూరము. సంవత్సరాంతమున మొత్తములు కూడిన యెడల మన అంగడి ఎవరిని పోషించుచున్నదో మనకే తెలియును.

తరువాత దూరపు సరుకులలో ఏదైన ఒక్కదానిని ఎన్నుకొని, అట్టిది చేరువలో దొరకునేమో విచారింపుడు. రుచి, శుచి, తూకము సమానమై, ధరలో భేదము స్వల్పమైనచో దానిని ముందువరుసలో పెట్టుడు. సమానము కానిచో తయారుచేయువానికి లోపమేదో చెప్పి, దిద్దుకొనుటకు ఒక సంవత్సరము గడువిండు. చిన్న తయారీదారునకు ప్రకటనకంటె వర్తకుని హితవు ఎక్కువ ఉపకరించును. అతనికి డబ్బు ఆలస్యము చేయకుడు. పెద్ద కంపెనీకి గడువునాడే చెల్లించి, ఊరివానిని మాత్రము పదిమార్లు తిప్పుట న్యాయము కాదు.

ఒక్క సరుకుతో ప్రారంభించిన చాలును. 1943లో ఇద్దరు వర్తకులు ప్రారంభించినదియు ఒక్క దుంపతోనే. అంగడిపై ఊరి పేరు వ్రాసికొనుట ఎవరికైనను చేతనగును. ఊరి సరుకును సరియైన తూకముతో అమ్మినవానిని ఊరే తనవాడనును.