హంస రూపముగల మోటారు బండి

ఇంజను పాఠము ముగిసిన పిమ్మట, మోటారు బండికి ఏ రూపమునైనను ఇయ్యవచ్చునా యని విద్యార్థులు మమ్మడుగుచుందురు. ఇయ్యవచ్చును. 1910వ సంవత్సరమున కలకత్తా నివాసియగు మాథ్యూసన్ అను ధనికుడైన ఇంజనీరు, ఇంగ్లండు దేశమందలి లోస్టాఫ్టు పట్టణపు బ్రూక్ కంపెనీవారిచేత హంస రూపముగల బండిని చేయించెను. చక్రములును ఇంజనును ఇతర బండ్లకువలెనే యుండెను. పైభాగము మాత్రము కొయ్యతో చేసిన హంస. దాని కన్నులలో విద్యుద్దీపములు వెలిగెడివి. ఇంజనును చల్లార్చు నీరు ఆ వేడిమికి తానే కాగును గదా! ఆ వేడినీటిని గొట్టము ద్వారా ముక్కునకు తెచ్చి, జనులు తొలగుటకై ఎదుటి త్రోవపై చిమ్మించెడివారు. వెనుకనుండి సున్నపునీరు రెట్టవలె రాలెడిది. పాలను నీటిని వేరుచేయు హంసను విన్నాము గాని ఇట్టి హంసను వినలేదు.

వీథిలోనికి రాగానే జనులు భయపడి పరుగిడిరి. పోలీసువారు దానిని నడపరాదని ఆజ్ఞాపించిరి. పనివారి నేర్పు మెచ్చదగినదే. ఐనను కాలినడకను పోవు బీదవానిపై వేడినీరు చిమ్ముట వేడుక గాదు. పోలీసువారు చేసినదే న్యాయమని మా యభిప్రాయము.

పిమ్మట నాభా మహారాజు దానిని కొనెను. దానికి జతగా, విద్యుచ్ఛక్తితో నడచు హంసపిల్ల బండియు ఆ సంస్థానమున తయారయ్యెను. నేడు రెండును హాలండు దేశమున, హేగ్ నగరపు లౌమన్ మ్యూజియములో నున్నవి. నాడు జనులు చూచి పారిపోయిన బండిని పాతబండ్ల యభిమానులు నేడు అపురూపముగా నెంచుచున్నారు. మాకు చూచు భాగ్యము కలిగినచో, ముందుగా ఆ ముక్కులోని గొట్టమునే వెదకుదుము.