599 డాలర్ల బండి, నా ఎక్సెల్ షీటు

ఈసారి సంచికకి కథ ఇస్తావా కవిత ఇస్తావా అని మా క్లబ్ సీనియర్స్ అడిగితే, రెండూ రావని చెప్పాను. నాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. తెలుగు సెకండ్ లాంగ్వేజ్, అదీ మార్కుల కోసం. ఒత్తులు ఇప్పటికీ ఫోన్ కీబోర్డ్ దయ. "అయితే నీకు బాగా తెలిసిన విషయం ఏదైనా రాయి" అన్నారు. నాకు చిన్నపిల్లల డర్ట్ బైకుల గురించి బాగా తెలుసు. కాకపోతే తప్పు చేసిన తర్వాత తెలిసింది.

మా బాబాయ్ వాళ్లు అమెరికాలో డల్లాస్ దగ్గర ఉంటారు. వాళ్ల అబ్బాయికి ఏడేళ్లు, ఇంట్లో అందరం చింటూ అంటాం. అక్కడ ఊరి బయట స్థలాలున్నవాళ్లు పిల్లలకి చిన్న డర్ట్ బైకులు కొనివ్వడం మామూలే. మన దగ్గర సైకిల్ లాగ అనుకోండి. బాబాయ్ ఫ్రెండ్‌కి ఐదెకరాల స్థలం ఉంది, శని ఆదివారాలు పిల్లలంతా అక్కడే. చింటూకి కూడా బండి కావాలి. బాబాయ్ నాకు రెండు లింకులు పంపాడు. ఒకటి హోండా, 1,800 డాలర్ల చుట్టుపక్కల. ఇంకోటి ఆన్‌లైన్‌లో, పేరు ఎప్పుడూ వినని కంపెనీ, 599 డాలర్లు, ఇంటికే డెలివరీ. "ఒరేయ్, నువ్వు ఇంజినీరింగ్ కదా, చూసి చెప్పు" అన్నాడు.

నాది సీఎస్ఈ అని మా చుట్టాలకి ఎన్నిసార్లు చెప్పినా ఇంజినీరింగ్ అంటే ఇంజన్ అనే అనుకుంటారు. నేను కూడా ఆ మాటకి పొంగిపోయి ఎక్సెల్ షీట్ ఓపెన్ చేశాను. ఇంజన్: 110 సీసీ వర్సెస్ 49 సీసీ. బ్రేకులు: డిస్క్ వర్సెస్ డ్రమ్. స్పీడ్ లిమిటర్: రెండిటికీ ఎస్. ధర: మూడో వంతు. పైగా సీటు ఎత్తు కాబట్టి ఇంకో మూడేళ్లు వాడుకోవచ్చు. షీట్‌లో అన్ని వరుసల్లోనూ చీప్ బండే గెలిచింది. "బాబాయ్, బ్రాండ్ పేరుకి 1,200 డాలర్లు ఎందుకు దండగ? ఇది తీసుకో" అని మెసేజ్ పెట్టి హాయిగా పడుకున్నాను.

నాలుగో వారం చింటూ ఆ బండి మీద ఎడమవైపు మలుపు తిరుగుతూ చెక్క ఫెన్సింగ్‌ని గుద్దుకున్నాడు. ఎడమ మణికట్టు విరిగింది. హెల్మెట్ ఉంది కాబట్టి తలకి ఏమీ కాలేదు. వీడియో కాల్‌లో కట్టు చూసి తెనాలిలో మా నానమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. బాబాయ్ నన్ను ఒక్క మాట అనలేదు. పిన్ని మాత్రం "నువ్వు చూసే చెప్పావు కదా నాన్నా?" అని అడిగింది. తిట్టినా బావుండేది.

అసలు ఏం జరిగిందో నేను, బాబాయ్ కలిసి వీడియో కాల్‌లో వెతికాం. బండిని స్టాండ్ మీద పెట్టి స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా హ్యాండిల్ మెల్లగా ఎడమవైపు తిప్పితే ఇంజన్ సౌండ్ దానంతట అదే పెరిగింది. నిటారుగా పెడితే తగ్గింది. మళ్లీ ఎడమకి తిప్పితే మళ్లీ పెరిగింది. థ్రాటిల్ కేబుల్ ఫ్రేమ్‌కి తప్పు వైపు నుంచి వెళ్లింది, పైగా దానికి ఇవ్వాల్సిన లూజు ఇవ్వలేదు. హ్యాండిల్ తిరిగినప్పుడు కేబుల్ బిగుసుకుని తనే యాక్సిలరేటర్ ఇస్తోంది. అంటే పిల్లాడు మలుపు తిరుగుతున్న ఆ క్షణంలోనే బండి ముందుకి దూకుతుంది. దూకగానే ఒళ్లు వెనక్కి పోతుంది, పడిపోకుండా గట్టిగా పట్టుకుంటాడు, పట్టుకున్న కుడి చెయ్యి వెనక్కి తిరిగి యాక్సిలరేటర్ ఇంకా ఇస్తుంది. చింటూ బరువు 24 కిలోలు, బండి 65 కిలోలు. ఇక వాడేం ఆపుతాడు?

మరి కేబుల్‌ని అలా పెట్టిందెవరు? బాబాయే. ఈ బండ్లు పెట్టెలో సగం విప్పి వస్తాయి. హ్యాండిల్, ముందు చక్రం, బ్రేక్ మనమే బిగించుకోవాలి. దాంతో పాటు వచ్చిన కాగితంలో నాలుగు మసక బొమ్మలు ఉన్నాయి, కేబుల్ ఎటు నుంచి వెళ్లాలో ఎక్కడా లేదు. స్పీడ్ లిమిటర్ స్క్రూ ఉంది, కానీ పూర్తిగా బయటికి తిప్పేసి ఉంది, అంటే పని చెయ్యట్లేదు. నా షీట్‌లో దానికి ఎదురుగా "ఎస్" అనే ఉంది. అబద్ధమేం కాదు.

అప్పుడు కూర్చుని నిజంగా చదవడం మొదలుపెట్టాను. షీట్‌లో నేను పెట్టని వరుసలు ఏమిటో చెప్తాను.

మొదటిది సైజు. పిల్లాడు సీటు మీద కూర్చుంటే రెండు పాదాలు నేలకి ఆనాలి. మూడేళ్ల తర్వాత సరిపోతుందిలే అని పెద్ద చొక్కా కొన్నట్టు బండి కొనకూడదు. చిన్నపిల్లల బైకుల్లో బాగా పేరున్నవి రెండు. యమహా పీడబ్ల్యూ 50, హోండా సీఆర్‌ఎఫ్ 50 ఎఫ్. యమహాది 1980ల మొదటి నుంచీ ఉన్న బండి. సీటు ఎత్తు 19 అంగుళాలు, బరువు 41 కిలోలు. దానికి చైన్ లేదు, షాఫ్ట్‌తో వెనక చక్రం తిరుగుతుంది, కాబట్టి వేళ్లు పడే చోటే లేదు. గేర్లు లేవు, రెండు బ్రేకులూ సైకిల్ లాగ చేతికే. అంటే సైకిల్ తొక్కడం వచ్చిన పిల్లాడు కొత్తగా నేర్చుకోవాల్సింది యాక్సిలరేటర్ ఒక్కటే. హోండాది దాదాపు 22 అంగుళాలు, 50 కిలోలు. మూడు గేర్లు, క్లచ్ లేదు, వెనక బ్రేక్ కాలికి. యమహా 25 కిలోల లోపు పిల్లలకి, హోండా 40 కిలోల దాకా అని కంపెనీలే చెప్తాయి. చింటూ 24 కిలోలు కాబట్టి యమహా ఆరు నెలల్లో చాలదు. నేను కొనిపించిన దాని సీటు 26 అంగుళాలు. వాడు మునివేళ్ల మీద నిలబడేవాడు. ఫోటోలో బాగుందని నేనే లైక్ కొట్టాను.

సైజు గురించి ఒక పిట్టకథ. 2008లో అమెరికాలో పిల్లల వస్తువుల్లో సీసం ఉండకూడదని గట్టి చట్టం వచ్చింది. ఉద్దేశం బొమ్మల గురించి. కానీ పిల్లల బైకులు కూడా పిల్లల వస్తువులే కదా. టైర్ వాల్వులు, బ్యాటరీ టెర్మినల్స్, లీవర్ల లోహంలో కొద్దిగా సీసం ఉంటుంది. 2009 ఫిబ్రవరిలో రూల్ అమల్లోకి రాగానే డీలర్లు చిన్న బైకుల్ని అమ్మడం ఆపేశారు. అప్పుడు బైకుల వాళ్లు చేసిన వాదన ఏమిటంటే, పిల్లలు బైకుల్ని నాకరు, కానీ చిన్న బైకు దొరక్కపోతే తల్లిదండ్రులు పెద్ద బైకు ఎక్కిస్తారు, దెబ్బలు అక్కడ తగులుతాయి అని. 2011 ఆగస్టులో చట్టం సవరించి ఈ బండ్లని మినహాయించారు. ఇది చదివినప్పుడు నాకు నవ్వు రాలేదు. పెద్ద బైకు ఎక్కించింది నేనే కదా, ఏ చట్టమూ అడ్డం లేకుండానే.

రెండోది ఇంజన్. ఇక్కడ చీప్ బండ్లకి కొంచెం న్యాయం చెయ్యాలి. చాలా 110, 125 సీసీ చైనా ఇంజన్లు హోండా పాత చిన్న ఇంజన్ డిజైన్‌కి కాపీలు, సిలిండర్ అడ్డంగా పడుకుని ఉండే రకం. అందుకే వాటికి పార్టులు ఎక్కడైనా దొరుకుతాయి. మన భాషలో చెప్పాలంటే ఇంటర్‌ఫేస్ ఒకటే, ఇంప్లిమెంటేషన్ వేరు. ఇంజన్ చాలాసార్లు బాగానే నడుస్తుంది. తేడా అంతా దాని చుట్టూ ఉన్న వాటిలో. మెత్తటి బోల్టులు, త్వరగా సాగిపోయే చైన్, వదులయ్యే స్పోక్‌లు, ఎండకి పగిలే పెట్రోల్ పైపు. డిస్క్ బ్రేక్ అని నేను మురిసిపోయాను, కానీ 50 కిలోల బండిని నెమ్మదిగా నడిపే పిల్లాడికి సరిగ్గా సెట్ చేసిన డ్రమ్ చాలు. సరిగ్గా సెట్ చెయ్యని డిస్క్ ఏం చేస్తుంది?

మూడోది డబ్బు. బాబాయ్ అప్పుడు ఒక మాట అన్నాడు, అది కొట్టిపారేసేది కాదు: "1,800 బండికే పెడితే హెల్మెట్‌కీ బూట్లకీ ఏం మిగుల్తుంది రా?" నిజమే. పిల్లల సైజు మంచి హెల్మెట్, బూట్లు, గ్లవ్స్, ఛాతీ కవచం అన్నీ కలిపి బాబాయ్‌కి 300 డాలర్ల దగ్గర అయ్యాయి. ఆ రోజు అవే కాపాడాయి. కొత్త హోండా అయితే డీలర్ ఛార్జీలు, ట్యాక్స్ కలిపి 2,000 దాటుతుంది. కానీ మేమిద్దరం మూడో దారి ఆలోచించనే లేదు. సెకండ్ హ్యాండ్ హోండా. ఈ బండ్ల డిజైన్ ఏళ్ల తరబడి పెద్దగా మారదు, పార్టులు దొరుకుతాయి, పిల్లలు రెండేళ్లలో ఎదిగిపోతారు కాబట్టి ఎప్పుడూ ఎవరో ఒకరు అమ్ముతూనే ఉంటారు. బాబాయ్ వాళ్ల ఊరి చుట్టుపక్కల వెతికితే 1,100కి ఒకటి కనపడింది. రెండేళ్ల తర్వాత 800కి అమ్మినా ఖర్చు 300. మరి 599 బండి? దానికి కొత్త చైన్, కేబుల్, టైరు ట్యూబులు కలిపి అప్పటికే 120 పెట్టాడు. అమ్మకానికి పెడితే అడిగినవాడు లేడు. ఆస్పత్రి బిల్లు నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

నాలుగోది, డీలర్ ఛార్జీలు అంటే మనం దండగ అనుకుంటాం కానీ అందులో ఒక మనిషి పని ఉంది. బండిని పెట్టెలోంచి తీసి, బోల్టులు ఎంత బిగించాలో అంత బిగించి, కేబుల్ లూజు చూసి, లిమిటర్ పెట్టి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూసే మెకానిక్. బాబాయ్ బండికి ఆ మనిషి లేడు. ఉన్నది వేల కిలోమీటర్ల దూరంలో హాస్టల్ మంచం మీద పడుకున్న నేను.

ఇది చదివేవాళ్లలో ఎవరైనా ఇప్పటికే చీప్ బండి కొనేసి ఉంటే, భయపెట్టడం నా ఉద్దేశం కాదు. మన దగ్గర కూడా ఆన్‌లైన్‌లో 49 సీసీ బుల్లి బైకులు అమ్ముతున్నారు, మీ అన్నయ్య కొడుక్కి ఎవరో ఒకరు కొనే ఉంటారు. పిల్లాడు ఎక్కే ముందు ఒక పూట కేటాయించండి. ప్రతి బోల్టూ విప్పి మళ్లీ బిగించండి. పెట్టెతో వచ్చిన ఆయిల్ పారబోసి కొత్తది పోయండి. చైన్ మీద చెయ్యి పడే చోట కవర్ ఉందో లేదో చూడండి. ఎర్ర స్విచ్ నొక్కితే ఇంజన్ నిజంగా ఆగుతుందా చూడండి. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి వదిలేస్తే టక్కున వెనక్కి రావాలి, హ్యాండిల్ ఏ వైపు ఉన్నా సరే. ఇంజన్ ఆన్‌లో ఉండగా హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి, సౌండ్ మారకూడదు. ఈ చివరి టెస్టుకి పది సెకన్లు పడుతుంది.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 16 ఏళ్లలోపు పిల్లలు అసలు ఇలాంటి బండ్లు నడపకూడదనే అంటుంది. బ్రాండ్ అయినా కాకపోయినా. పిన్ని అది చదివి నాకు ఫార్వర్డ్ చేసింది, కింద ఏమీ రాయలేదు. నాకు జవాబు తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. పిన్ని, బాబాయ్ వారం రోజులు మాట్లాడుకున్నారు. కట్టు విప్పాక చింటూ మొదట అడిగింది బండి ఎక్కడ అనేనట.

చివరికి ఆ 1,100 హోండా కొన్నారు, పిన్ని పెట్టిన షరతుల మీద. తాళం ఆమె దగ్గరే ఉంటుంది. బాబాయ్ పక్కన లేకుండా స్టార్ట్ చెయ్యకూడదు. ఫెన్సింగ్ వైపు కాదు, మధ్య మైదానంలోనే. లిమిటర్ స్క్రూ బాగా లోపలికి తిప్పి ఉంది, బండి పెద్దవాళ్ల జాగింగ్ స్పీడ్ దాటదు. చింటూకి అది అవమానంగా ఉంది. "అన్నయ్యా, స్క్రూ ఒక్క రౌండ్ తిప్పమని డాడీకి చెప్పవా, నువ్వు చెప్తే వింటాడు" అని నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు.

వాడికి ఇంకా రిప్లై ఇవ్వలేదు. బాబాయ్ మాత్రం ప్రతి శనివారం బండి దింపగానే ఒక చిన్న వీడియో పంపిస్తాడు, నేను అడక్కుండానే. ఇంజన్ ఆన్‌లో ఉంటుంది, హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి, మళ్లీ ఎడమకి. నేను ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని సౌండ్ రెండుసార్లు విని, ఓకే అని పెడతాను. అప్పుడు వాడిని ఎక్కనిస్తారు.