వెనుకకు మరలిన యౌవనుడు



పరీక్షాఫలితములు వెలువడిన దినమున బడికి రాక ఇంటిలోనే దాగియుండు బాలురు ప్రతి సంవత్సరమును కొందరుందురు. ముఖ్యముగా వారికొరకే ఈ పాఠమును వ్రాయుచున్నాను. మంచి మార్కులతో ఉత్తీర్ణులైనవారును చదువవచ్చును. వారికి దీని యవసరము కొంత ఆలస్యముగా కలుగును, అంతియే.

మార్కు అను మారుపేరుగల యోహాను యెరూషలేములో కలిగినవారి బిడ్డ. అతని తల్లి మరియ యింట అనేకులు కూడి ప్రార్థన చేయుచుండిరనియు, తలుపునొద్ద పలుకుటకు రొదే అను చిన్నది యుండెననియు అపొస్తలుల కార్యముల గ్రంథము 12వ అధ్యాయమున చదువుచున్నాము. చెరసాలనుండి విడిపింపబడిన పేతురు చీకటిలో నడచి వచ్చినది ఆ యింటికే. ఇట్టి యింట పెరిగినవాడు తప్పిపోడని మనమందరమును తలంతుము. బోధకుల కుమారులనుగూర్చియు, ఉపాధ్యాయుల కుమారులనుగూర్చియు సంఘమువారు ఇట్లే తలంచుట కలదు. అది ఆ పిల్లలకు ఎంత భారమో నే నెరుగుదును.

క్రీ.శ. 46వ సంవత్సర ప్రాంతమున బర్నబాయు పౌలును సిరియ దేశపు అంతియొకయనుండి సువార్తయాత్రకు బయలుదేరినప్పుడు మార్కు వారికి ఉపచారము చేయువాడుగా వెంట వెళ్లెను. కుప్ర ద్వీపమును ఒక కొననుండి మరియొక కొనవరకు సంచరించి, ఓడయెక్కి పంఫూలియలోని పెర్గే చేరిరి. అచ్చట మార్కు వారిని విడిచి యెరూషలేమునకు తిరిగిపోయెను. లూకా ఈ సంగతిని ఒక్క వాక్యములో ముగించెను, కారణము చెప్పలేదు.

కారణమునుగూర్చి పండితుల ఊహలు పెక్కులు. పెర్గేనుండి ముందునకు పోవలెనన్న టారస్ పర్వతముల నెక్కి, సముద్రమట్టమునకు వేయి మీటర్లకు పైగా నున్న పిసిదియలోని అంతియొకయకు చేరవలెను. ఆ పల్లపు ప్రదేశమున పౌలు మలేరియా జ్వరమున పడియుండెనని విలియం రామ్సే అను పండితుడు ఊహించెను. జబ్బుతోనున్న నాయకుడు, ఎదుట కొండలు, వెనుక ఇల్లు. భయమో, బెంగయో, అలుకయో మనకు తెలియదు. లూకా చెప్పకపోవుటయే మేలయ్యెనని నా యభిప్రాయము. చెప్పియుండినయెడల, ఆ కారణము తమకు లేనివారు ఇది తమ సంగతి కాదని పుట త్రిప్పియుందురు.

తరువాత మూడేండ్లు గడచునంతలో రెండవ యాత్ర ప్రస్తావన వచ్చెను. మార్కును మరల తీసికొనిపోదమని బర్నబా అనెను, పౌలు సమ్మతింపలేదు. ఇరువురకును తీవ్రమైన వివాదము పుట్టెను. లూకా ఇచ్చట వాడిన గ్రీకుమాట పరోక్సుస్మొస్. జ్వరము ఒక్కసారిగా పెచ్చు పెరుగుటకును ఆ కాలపు వైద్యులు ఈ మాటనే వాడెడివారు. పౌలు తప్పుచేసెనని చెప్పుటకు నాకు ధైర్యము లేదు. మొదటి యాత్రలోనే లుస్త్రలో జనులు అతనిని రాళ్లతో కొట్టి, చచ్చెననుకొని ఊరివెలుపలికి ఈడ్చివేసిరి. అట్టి పనికి నడుమ విడిచిపోవువానిని వెంటబెట్టుకొనుట యెట్లు? అయినను ఒక సంగతి మరువరాదు. సౌలు మారుమనస్సు పొంది యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులందరును అతనికి భయపడి దూరముగా నుండగా, చేయిపట్టి అపొస్తలులయొద్దకు తోడుకొని పోయినవాడు ఈ బర్నబాయే. తనకు దొరకిన దానిని మరియొకనికి ఇచ్చుటకు పౌలువంటివానికిని వెంటనే చేయి రాలేదు.

బర్నబా మార్కును వెంటబెట్టుకొని ఓడయెక్కి మరల కుప్రకే పోయెను. ఏ ద్వీపములో అతని సేవ మొదలయ్యెనో ఆ ద్వీపమే! దేవుని కృప మార్కునకు ఆకాశమునుండి వచ్చిన స్వరముగా రాలేదు. మూట భుజమునకెత్తుకొని ప్రక్కన నడచిన పెద్దవయసు బంధువు రూపమున వచ్చెను. ఆ తరువాత అపొస్తలుల కార్యములలో మార్కు పేరు కానరాదు. సుమారు పదిసంవత్సరములకు పైగా అతనిగూర్చి ఏమియు వ్రాయబడలేదు. ఆ కాలములో సంఘములలో అతని పేరు వినబడినప్పుడెల్ల పెర్గే సంగతి ఎవరో ఒకరు తలంచుకొనియే యుందురు. అట్టి మాటలను ఓర్చుకొనుట రాళ్లదెబ్బలకన్న తేలికయని నేననుకొనను.

పిమ్మట చెరలోనున్న పౌలు కొలొస్సయులకు వ్రాయుచు, మార్కు వచ్చినయెడల చేర్చుకొనుడని చెప్పెను. తిమోతికి వ్రాసిన రెండవ పత్రికలో, చలికాలము సమీపింపగా అంగీని పుస్తకములను తెమ్మని కోరిన ఆ అధ్యాయములోనే, మార్కును తోడుకొని రమ్మనియు, అతడు తన పరిచర్యకు ఉపయోగపడువాడనియు వ్రాసెను. పనికిరాడని త్రోసివేసినవాడే పనికివచ్చునని పిలుచుచున్నాడు. ఇరువురును మారిరి. మార్కు ఒక్కడే మారెననుకొనుట సరికాదు.

పేతురు అతనిని తన కుమారుడని తన మొదటి పత్రికలో పిలిచెను. మార్కు పేతురునకు దుబాసిగానుండి, అతడు చెప్పిన సంగతులను గ్రంథముగా వ్రాసెనని రెండవ శతాబ్దారంభమున హియెరాపొలి అధ్యక్షుడైన పపియ చెప్పినట్లు యూసేబియు తన సంఘచరిత్రలో పదిలపరచెను. మార్కు సువార్తను ఈ యెరుకతో చదివి చూడుడి. శిష్యులు గ్రహింపలేకపోవుట, నిద్రించుట, పారిపోవుట, పేతురు బొంకుట, అన్నియు దాపరికము లేక అందు కలవు. పునరుత్థానదినమున సమాధిలో స్త్రీలకు కనబడిన పడుచువాడు శిష్యులకు చెప్పుడని పంపుచు, పేతురు పేరును ప్రత్యేకముగా ఎత్తెను. ఆ పేరు ఆ సందేశములో మత్తయి వ్రాసినచోట లేదు. మార్కు వ్రాసినచోటనే యున్నది. తప్పిపోయినవానికి తన పేరు పిలువబడుట ఎట్టిదో తప్పిపోయి తిరిగివచ్చిన ఆ లేఖకునకు తెలియును. పడుటయే కృప యని నేను చెప్పుటలేదు, యూదాయు పడెను. పడినచోట మన పేరెత్తి పిలుచువాడొకడు కలడని చెప్పుచున్నాను.

ఇంతవరకు పాఠము. ఇక నా సంగతి ఒకటి చెప్పవలసియున్నది.

పదునాలుగు సంవత్సరముల క్రిందట, నేను పనిచేయుచుండిన బడి వసతిగృహమునుండి ఒక బాలుడు అర్ధసంవత్సర పరీక్షల నడుమ, లెక్కల పరీక్షకు ముందటి రాత్రి, గోడ దూకి ఇంటికి పారిపోయెను. జూన్ నెలలో తండ్రి వానిని మరల తీసికొనివచ్చి, తలగుడ్డ చేతబట్టుకొని వరండాలో నిలిచెను. ఉపాధ్యాయుల సమావేశములో నేను లేచి, వీనిని చేర్చుకొన్నయెడల తక్కిన బాలురు చెడుదురని చెప్పితిని. నా తర్కములో లోపము లేదు. అప్పుడు వృద్ధుడైన వ్యాయామోపాధ్యాయుడు, "వాడు నా గదిలో పండుకొనును, పూచీ నాది" అనెను. బాలుడు చేరెను. పదవ తరగతిలో లెక్కలయందు తప్పి, రెండవమారు ఉత్తీర్ణుడై, తుదకు లారీ డ్రైవరయ్యెను.

మూడు సంవత్సరముల క్రిందట ఆ వ్యాయామోపాధ్యాయునకు పక్షవాతము వచ్చెను. పిల్లలు దూరదేశముననుండిరి. నేను ఆసుపత్రికి చూడబోవునప్పటికి ఆ లారీ డ్రైవరు మంచము ప్రక్కన నేలమీద చాప పరచుకొని యుండెను. పదునేడు రాత్రులుగా అచ్చటనే యున్నాడని నర్సు చెప్పినది. నన్ను చూచి దిగ్గున లేచి, "మాస్టారూ, కూర్చోండి" యని ముక్కాలిపీట జరిపెను. సమావేశములో నేనేమి చెప్పితినో వానికి తెలియునో తెలియదో! నేను కూర్చుండుటకు కొంచెము సేపు పట్టెను.

ఈ సంవత్సరము జూన్ నెలలో అట్టి దరఖాస్తు మరియొకటి నా బల్లమీదికి వచ్చినది. పేరు చెప్పను. పూచీదారుని సంతకమునకు విడిచిన గడి ఖాళీగా నుండెను. వ్యాయామోపాధ్యాయుడు ఇప్పుడు లేడు. కొంతసేపు ఆలోచించి నేనే సంతకము చేసితిని. ఆ బాలుడు ఈ సంచికను చూచునేమో. లెక్కల పుస్తకము తీసికొని సాయంకాలము ఐదు గంటలకు మా యింటికి రావలెనని వానితో ఇదివరకే చెప్పియున్నాను.