నికానా, నైకానా?

ప్రశ్న: పక్షుల ఫొటోలు తీయడం నా సరదా. కెమెరా పేరును 'నికాన్' అనాలా, 'నైకాన్' అనాలా?
– ఒక పాఠకుడు, రామగుండం

జవాబు: జపనీయుల నోట అది 'నికొన్'. రెండచ్చులూ హ్రస్వాలే. 'నైకాన్' అమెరికా పలుకుబడి. మనలాగే జపనీయులూ హ్రస్వదీర్ఘాలు కచ్చితంగా పాటిస్తారు. ఇంగ్లిషు స్పెల్లింగును బట్టి చదవడంతోనే తికమకంతా.

సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో వినబడే జపాన్ యంత్రాల కంపెనీ 'కొమాట్సు' పేరే చూడండి. 1921లో పుట్టిన ఆ కంపెనీకి అది పుట్టిన ఊరి పేరే పెట్టారు. అసలు పలుకు 'కొమత్సు'. దీర్ఘం లేదు, 'ట' లేదు. ఆ 'త్సు' ఇంగ్లిషువాళ్లకు కష్టమేమో గానీ మనకు కాదు. 'చుక్క', 'చుట్ట' అనేటప్పుడు మొదటి అక్షరం నాలుక కొనతో పళ్ల వెనక ఎలా పుడుతుందో గమనించండి, అదే ఇది.

దుకాణంలో మాత్రం 'నికాన్' అనండి, చాలు. 'నైకాన్' అన్న మిత్రుణ్ని నలుగురిలో సరిదిద్దకండి.